టీ చల్లారేలోపు ఒక దొంగతనం

మా గ్లెనిస్ అత్తయ్యకు ఒకే ఒక్క జబ్బు. ఎవరింటికి వెళ్లినా, వాళ్లిచ్చిన టీ చల్లారేలోపు తాను పూర్వం చేసిన దొంగతనం ఒకటి చెప్పేస్తుంది. ఎవరూ అడగక్కర్లేదు. ముందు చక్కెర కలుపుకుంటుంది. చెంచా సాసర్లో పెడుతుంది. ఆ తర్వాత దొంగతనం. సాసర్లో చెంచా చప్పుడు వినబడగానే నేను కళ్లు మూసుకునేవాణ్ని.

పోనీ చూడ్డానికి దొంగలా ఉంటుందా అంటే అదీ కాదు. డెబ్బై దాటిన మనిషి. పెళ్లి కాకముందు నుంచి నిరుడు దాకా మా ఊరి చర్చిలో ఆర్గన్ వాయించింది. తల మీద నీలం టోపీ, ఒళ్లో స్కోన్లనే చిన్న రొట్టెల డబ్బా, నడిస్తే చీమ కూడా పక్కకు జరగక్కర్లేనంత నెమ్మది. అలాంటి మనిషి నోటి నుంచి అలాంటి మాట వస్తే ఎదుటివాళ్ల మొహాలు ఎలా అవుతాయో ఒక వేసవంతా చూశాను. నా మొహం ఎలా అయిందో చూసుకునే తీరిక దొరకలేదు.

ఆర్గన్ మానేశాక అత్తయ్య ఒక పాత మోటర్‌హోమ్ కొంది. మేం దాన్ని ఇల్లుబండి అంటాం. అందులో పొయ్యి ఉంది, మంచం ఉంది, పడుకుంటే కాళ్లు చాపుకునేంత చోటు లేదు. నేను హువాన్ లోయలో ఆపిల్ తోటల ట్రాక్టర్లు బాగుచేసుకుంటూ బతుకుతున్న రోజులవి. బండి మొదటిసారి నా షెడ్డు ముందు ఆగినప్పుడు దాని పొగకి పక్కింటి వాళ్లు ఆరేసిన బట్టలు తీసేసుకున్నారు.

"ఏరా డెస్, దీన్తో టాస్మేనియా అంతా తిరగొచ్చంటావా?" అంది అత్తయ్య.

"మీ వీధి చివరిదాకా వెళ్లొచ్చు అత్తయ్యా."

"అయితే నువ్వూ రా. మిగతాది నువ్వు తిప్పుదువుగాని."

అలా బయల్దేరాం. పని ఏమిటంటే చుట్టాల్ని వెతకడం. మా దీవిలో ఎండలు తగ్గే మార్చిలో ట్రిమ్మర్ వంశం వాళ్లందరం ఊరి హాల్లో కలవాలని మా మెర్విన్ పెదనాన్న తలపెట్టాడు. పేర్లు ఆయన తవ్వి తీస్తాడు, ఇళ్లకు వెళ్లి పిలిచేది అత్తయ్య.

ఇంగ్లండు ఒకప్పుడు తన ఖైదీల్ని తోలేసిన దీవి గనక మా దగ్గర ఇంటికో ఖైదీ తాత ఉంటాడు. ఒకప్పుడు ఆ మాటెత్తితే ఇంట్లో వాళ్లు కిటికీలు మూసేవారు. ఇప్పుడు ఖైదీ తాత లేనివాడు నలుగురిలో తలెత్తుకోలేడు. మా మూలపురుషుడు జోబ్ ట్రిమ్మర్ ఇంగ్లండులో రెండు గొర్రెలు దొంగిలించి, గొలుసులతో ఓడెక్కి వచ్చాడు. ఆ రెండు గొర్రెల గురించి చెప్పేటప్పుడు మెర్విన్ పెదనాన్నకు కళ్లు చెమరుస్తాయి. జోబ్ బొమ్మతో చొక్కాలు కూడా వేయించాడు. జోబ్ ఎలా ఉండేవాడో ఎవరికీ తెలియదు గనక, పెదనాన్న తన ఫోటోకే గడ్డం పెట్టించాడు.

అయితే ఆయన గోడకు తగిలించిన వంశవృక్షంలో ఒక కొమ్మ సగంలో ఆగిపోయి ఉంటుంది. అది ఆల్ఫీ ట్రిమ్మర్‌ది. అత్తయ్యకు వేలువిడిచిన చిన్నాన్న. ఆపిల్ ధర పడిపోయి, చెట్లు పీకిస్తే ప్రభుత్వం డబ్బిస్తానన్న రోజుల్లో ఆల్ఫీ తోట కూడా పోయింది. ఆ చలికాలం ఆయన ఒక పెద్ద ఎస్టేటు నుంచి గొర్రెలు తోలుకొచ్చి పట్టుబడ్డాడు. ఏడాది జైలు. రెండు వందల ఏళ్ల కిందటి గొర్రెలు గొప్ప, యాభై ఏళ్ల కిందటి గొర్రెలు సిగ్గు. ఆల్ఫీ పేరు ఇళ్లలో ఎవరూ ఎత్తరు. ఆయన కూతురు ఊనా, రోడ్డు ముగిసిపోయే చోట, తేనెటీగలు పెంచుకుంటూ ఒంటరిగా ఉంటుంది.

అత్తయ్య నన్ను ముందుగా అక్కడికే తీసుకెళ్లింది. ఊనా రాకపోతే ఈ సంబరం సంబరమే కాదంది. నేను బండి కింద దూరి గొట్టం బిగిస్తుండగా ఒక్కతే లోపలికి వెళ్లింది. టీ తాగేంతసేపైనా కాకముందే తిరిగి వచ్చింది.

"ఏమైంది అత్తయ్యా?"

"రాదట."

"ఎందుకట?"

"బండి పోనీరా," అంది. చాలా దూరం వరకు టోపీ సర్దుకుంటూనే ఉంది.

తర్వాతి ఇల్లు లీత్, కొరీన్‌లది. పాలవాళ్లు. వాళ్లని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. మాటలకంటే పనే నాకు తేలిక. అందుకే గుమ్మంలోనే "ఏమైనా చెడిపోయాయా?" అని అడిగాను. వంటింటి నీళ్ల గొట్టం కారుతోందన్నారు. నేను నేల చెక్కల కిందికి పాక్కుంటూ వెళ్లాను. పైన సాసర్లో చెంచా చప్పుడైంది.

"లీత్, నీకో మాట చెప్పాలబ్బాయ్," అంది అత్తయ్య. "పందొమ్మిదో ఏట, క్రిస్మస్ ముందు రోజు, మా పాస్టరుగారి టర్కీకోడిని ఎత్తుకుపోయాను."

కింద ఉన్న నా చేతిలోంచి రెంచి జారి మొహం మీద పడింది. పైన ఒక సొరుగు మెల్లగా మూసుకున్న చప్పుడు వినిపించింది. చెంచాల సొరుగు. కొరీన్ మోకాలితో మూసిందట.

"బతికే ఉందా?" అన్నాడు లీత్.

"ఎవరు, పాస్టరా?"

"కోడి."

"బతికున్నదాన్నే కోటులో దోపుకొచ్చా. దారంతా పొడుస్తూనే ఉంది. మర్నాడు ఆర్గన్ ముందు కూర్చోలేకపోయాననుకో!"

ఆ ఇంట్లోంచి మమ్మల్ని తరిమేస్తారనే అనుకున్నాను. కానీ లీత్ గొంతు సవరించుకున్నాడు.

"గ్లెనిస్ పిన్నీ, ఈ ఇల్లు దేని మీద నిలబడిందో తెలుసా మీకు? రైలు పట్టాల కింది దుంగల మీద. మా నాన్న రోజుకొకటి మోసుకొచ్చాడు. ఆ లైను మీద రైళ్లు నడుస్తుండగానే."

"ముప్పై ఏళ్లు కాపురం చేశాను, నాతో ఒక్కసారైనా అన్నావా?" అని కొరీన్ అరిచింది.

"నువ్వు టర్కీని దొంగిలించావా, నీతో చెప్పడానికి?"

నేను టార్చి తిప్పి చూశాను. ప్రతి దుంగ మీదా రైల్వే ముద్ర. నేను పడుకుని ఉన్నది చుట్టాలింటి కిందో, స్టేషన్ కిందో తెలియలేదు.

బండి ఎక్కాక అడిగాను. "అత్తయ్యా, నిజంగా పాస్టరుగారి కోడిని..."

"ముందు మలుపు చూడరా, దుంగల లారీ వస్తోంది."

ఆ తర్వాతది విన్సమ్ దొడ్డమ్మ ఇల్లు. బడిలో పెద్ద పంతులమ్మగా చేసి మానేసింది. నిటారుగా కూర్చుంటుంది, మనం వంగి కూర్చుంటే మన వీపు వంక చూస్తుంది. ఆ ఇంట్లోనైనా అత్తయ్య నోరు కట్టేసుకుంటుందనుకున్నాను. నేను పొయ్యి తలుపు కీలు బిగిస్తున్నాను. చెంచా చప్పుడైంది.

"విన్సమ్, నీకు పోలీసు క్లారీ తెలుసుగా, మన అల్లుడు? వాడు కుర్రాడిగా ఉన్నప్పుడు పోలీస్ స్టేషన్ ముందు నిలబెట్టిన సైకిల్ ఎత్తుకుపోయింది నేనే."

విన్సమ్ దొడ్డమ్మ కప్పు గాల్లోనే ఆగిపోయింది. "పోలీస్ స్టేషన్ ముందు నుంచా?"

"పగలే. గంట కూడా కొట్టుకుంటూ వెళ్లాను."

దొడ్డమ్మ లేచి వెళ్లి వీధి తలుపు వేసి వచ్చింది. పోలీసులకు ఫోన్ చేస్తుందనుకుని నేను పనిముట్లు సంచిలో సర్దేసుకున్నాను. ఆమె మళ్లీ నిటారుగా కూర్చుని, గోడ మీద వరసగా వేలాడుతున్న నీలం రిబ్బన్ల వంక చూసింది. జిల్లా ప్రదర్శనలో వాళ్లమ్మ ప్లమ్ జామ్‌కి ఏటా వచ్చిన మొదటి బహుమతులవి.

"ఆ జామ్ అమ్మ చెయ్యలేదు గ్లెనిస్," అంది. "నది అవతల ఒక ముసలావిడ దగ్గర కొనేది. రాత్రంతా కూర్చుని సీసాల మీద పేరు మార్చేది. నేను దీపం పట్టుకునేదాన్ని."

ఈసారి అత్తయ్యే గుండె మీద చెయ్యి వేసుకుంది. "కొన్న జామా? ప్రదర్శనకా?"

"అవును."

"విన్సమ్, నాది సైకిలేనమ్మా. ఇది ఘోరం!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. విన్సమ్ దొడ్డమ్మ వీపు కుర్చీకి ఆనడం నేను అప్పుడే చూశాను.

ఇక ఆ తర్వాత మా పేరు మాకంటే ముందు ఊళ్లు చేరిపోయింది. మేం వెళ్లేసరికి వెండి పళ్లేలు మాయమైపోయేవి. ఒకావిడ కోళ్ల గూటికి తాళం వేసి, తాళంచెవి మెళ్లో కట్టుకుని కూర్చుంది. ఇంకొకాయన నాకు స్క్రూడ్రైవర్ ఇచ్చి, నేను పని చేసినంతసేపూ దాని వంకే చూస్తూ నిలబడ్డాడు. అత్తయ్య చలించలేదు. ఒక ఇంట్లో మేయరుగారి గులాబీ మొక్క అంది, మరో ఇంట్లో పడవ తెడ్డు అంది, ఇంకో ఇంట్లో ఏకంగా పడవ అంది. విన్నవాళ్లు నోళ్లు తెరిచేవారు, తర్వాత తలుపులు మూసేవారు, ఆ తర్వాత మెల్లగా వాళ్లిళ్లలోవి బయటపడేవి. ఒకరి మామ చర్చి పైకప్పు రేకు. ఒకరి అక్క వేరే పెళ్లికూతురి గౌను. ఆ రాగి గంగాళం ఎక్కడిదో ఇప్పటిదాకా పిల్లలకు చెప్పలేదని ఒకాయన ముక్కు చీదాడు. అందర్నీ చివర్లో అత్తయ్య ఒకటే అడిగేది. "ఈ మాట హాల్లో నలుగురి ముందూ చెబుతావా?" కొందరు సరేనన్నారు. కొందరు స్కోన్ నోట్లో కుక్కుకున్నారు.

మెర్విన్ పెదనాన్న నాకు ఫోన్ చేశాడు.

"ఏరా డెస్, మీ అత్తని అదుపులో పెట్టలేవా? వంశం పేరు గంగలో కలిపేస్తోంది!"

"మన వంశం మొదలైందే దొంగతనంతో కదా పెదనాన్నా."

"అది వేరు! అది చరిత్ర!"

ఆఖరుకు పోలీసు క్లారీ ఇంటికి వెళ్లాం. ఎనభై దాటినవాడు. ట్రిమ్మర్ల ఆడపిల్లని చేసుకున్నాడు కాబట్టి అల్లుడు. సార్జెంటుగా మానేసినా ఆ చూపు మానలేదు. మేం బండి ఆపేసరికి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో ఒక నల్లటి పాత సైకిల్ ఉంది.

"రా గ్లెనిస్, రా. ఇదేనా నువ్వు ఎత్తుకుపోయిన సైకిలు?"

అత్తయ్య టోపీ సర్దుకుంది.

"విన్సమ్ ఫోన్ చేసి చెప్పింది. కొన్నప్పటి నుంచి ఇది నా షెడ్డులోనే ఉంది. కావాలంటే ఎక్కి చూపించు."

"నాకు సైకిల్ తొక్కడం రాదు క్లారీ," అంది అత్తయ్య చిన్న గొంతుతో.

నేను బండి తలుపు పట్టుకుని నిలబడిపోయాను. మా అత్తయ్య దొంగ అని ఒప్పుకోవడానికే వారాలు పట్టింది నాకు. ఇప్పుడు దొంగ కాదంటే తట్టుకోవడం ఎలాగ?

"కోడి?" అన్నాను.

"పాస్టరుగారి భార్యే ఇచ్చిందిరా. వండి."

"పడవ?"

"నేను పడవెక్కితే వాంతులవుతాయి. నీకు తెలుసుగా!"

"అన్నీ అబద్ధాలేనా అత్తయ్యా?"

"దొంగనంటే నమ్మావు, అబద్ధాలాడతానంటే నమ్మలేవా?"

క్లారీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "మరి నీది చెప్పు, నీదేంటి?" అని అత్తయ్య ఎదురడిగితే మాత్రం నవ్వు ఆపేశాడు. "పోలీసువాడికి దొంగతనమేంటి?" అని సైకిల్ నడిపించుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. కానీ హాలుకి వస్తానన్నాడు.

నది ఒడ్డున బండి ఆపాను. నేల వాలుగా ఉంటే కప్పులు జారతాయి గనక చక్రాల కింద చెక్కలు సర్ది, కెటిల్ పొయ్యి మీద పెట్టాను. అత్తయ్య ఈసారి చక్కెర కలుపుకునేదాకా ఆగలేదు.

"ఆ రోజు ఊనా ఒకటే అడిగిందిరా," అంది. "ఆల్ఫీ బాబాయి జైలుకెళ్లాక ఊళ్లో ఏ విందు జరిగినా వాళ్లమ్మకి అటు కుర్చీ, ఇటు కుర్చీ ఖాళీగా ఉండేవట. 'అక్కా, నన్ను రమ్మంటున్నావు సరే, ఆ హాల్లో నా పక్కన ఎవరు కూర్చుంటారు?' అంది. నేను కూర్చుంటానన్నా. 'నువ్వు చర్చిలో ఆర్గన్ వాయించేదానివి. నువ్వు కూర్చుంటే జాలిపడి కూర్చున్నట్టుంటుంది' అంది."

"అందుకని..."

"అందుకని పక్కన కూర్చోగలిగినవాళ్లని వెతుకుతున్నా. ఎవరైనా ముందు నోరు విప్పాలిగా. నేనెప్పుడూ ఏమీ దొంగిలించలేదాయె, ఏం చెయ్యను?"

కెటిల్ కూత వేసింది. నేను లేచి, ఏం చేస్తున్నానో తెలియక, బిగుతుగానే ఉన్న సొరుగు పిడిని మళ్లీ బిగించాను.

సంబరం నాటి పొద్దున్నే మళ్లీ ఊనా అత్త గుమ్మం ముందు ఆగాం. ఈసారి నేనూ దిగాను. ఆవిడ తేనెటీగల వల టోపీ తియ్యకుండానే మాట్లాడింది.

"రానన్నానుగా అక్కా."

"రావద్దులే," అంది అత్తయ్య. "బండిలో కూర్చో. హాలు కిటికీ పక్కనే ఆపుతాడు డెస్. తెరలు వేసుకుని విను. నచ్చకపోతే దిగకు. టీ ఇక్కడే ఉంది, స్కోన్లు ఇక్కడే ఉన్నాయి."

ఊనా అత్త బండి వంక చూసింది. "దీనికి పొగ ఎక్కువా?"

"ఇప్పుడు రాదు," అన్నాను కొంచెం పౌరుషంగా.

హాలు నిండిపోయింది. ప్రతి ఇంటివాళ్లూ ఒక పళ్లెం తెచ్చారు. ఆల్చిప్ప మాంసం కూరిన స్కాలప్ పైలు, చల్లటి మాంసం పెట్టిన రొట్టెలు, కొబ్బరి అద్దిన లామింగ్టన్ కేకులు. గోడ మీద సగం కొమ్మతో వంశవృక్షం. మెర్విన్ పెదనాన్న తన మొహమే ఉన్న చొక్కా వేసుకుని జోబ్ గురించి, రెండు గొర్రెల గురించి మాట్లాడి, కళ్లు తుడుచుకుని కూర్చోబోయాడు. లీత్ లేచాడు.

"జోబ్ సరే పెదనాన్నా. మా నాన్న సంగతి కూడా చెప్పాలి," అని రైల్వే దుంగల సంగతి చెప్పాడు. హాల్లో కొందరు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. చర్చి రేకు లేచింది. పెళ్లికూతురి గౌను లేచింది. చివరికి విన్సమ్ దొడ్డమ్మ నిటారుగా నిలబడి జామ్ సంగతి చెప్పేసరికి వెనక వరసలో ఒకావిడకు నీళ్లు తాగించాల్సి వచ్చింది. దుంగల్ని క్షమించారు గానీ జామ్‌ని క్షమించడానికి చాలాసేపు పట్టింది.

"ఇది సంబరమా, కోర్టా?" అని పెదనాన్న లేచాడు.

"కూర్చో మెర్విన్," అంది ఆయన భార్య డాఫ్నీ. "మన స్నానాలగదిలో అద్దం ఏ హోటల్‌దో ముందు నువ్వు చెప్పు."

హాలంతా నవ్వులు. పెదనాన్న మొహం చొక్కా మీది మొహం కంటే ముసలిదైపోయింది. ఉక్రోషంతో బల్ల మీద చరిచాడు.

"అద్దం ఒక దొంగతనమా? అలా అయితే మన ఆల్ఫీ పది గొర్రెలు తోలుకొచ్చాడు, అదీ చెప్పుకుందామా?"

నవ్వులు ఆగిపోయాయి. యాభై ఏళ్లలో ఆ పేరు ఆ హాల్లో వినబడటం అదే మొదటిసారి. అత్తయ్య నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"పదకొండు!"

మాట కిటికీలోంచి వచ్చింది. అందరూ అటు తిరిగారు. బయట ఇల్లుబండి మెట్టు కిర్రుమంది. ఊనా అత్త హాలు తలుపు తోసుకుని వచ్చింది. చెప్పులకు మట్టి, చేతిలో తాగుతున్న టీ కప్పు.

"ఎవరన్నారు పదని?" అంది.

"కోర్టులో... కోర్టులో పదనే..." అన్నాడు పెదనాన్న.

"కోర్టు సంగతి నాకు తెలీదు. మా నాన్న తోలింది పదకొండు. వానలో, ఒక్కడే, ఒకే ఒక్క కుక్కతో, పొంగుతున్న వాగు దాటించి తెచ్చాడు. ఒక్కటి అరవలేదు, ఒక్కటి కుంటలేదు. మీ జోబు రెంటికే పట్టుబడ్డాడు."

"నీకెలా తెలుసమ్మా?" అన్నాడు పెదనాన్న.

"గేటు తీసి పట్టుకుంది నేను. లెక్కపెట్టింది నేను. పదిహేడేళ్లు నాకు. ఆ సంగతి నాన్న ఎవరికీ చెప్పలేదు, నన్ను చెప్పనివ్వలేదు."

ఇది మా అత్తయ్యకు కూడా తెలియదు. వేసవంతా ఊళ్లవాళ్ల నోళ్లు తెరిపించిన మనిషి, తానే నోరు తెరిచి నిలబడిపోయింది. ఎవరి చేతిలోదో లామింగ్టన్ కింద పడింది, ఎవరూ వంగలేదు. తర్వాత లీత్ అనుకుంటాను, వేళ్లు ముడుస్తూ అన్నాడు.

"పదకొండు తోలితే కోర్టుకి పదే వచ్చాయా? మరి ఆ పదకొండోది?"

ఆనాడు ఆల్ఫీని పట్టుకున్న పోలీసు ఎవరో హాల్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. ఒక్కొక్కరే మూల బల్ల వైపు తిరిగారు. క్లారీ చేతిలో సగం తిన్న మాంసం రొట్టె ఉంది. దాన్ని పళ్లెంలో పెట్టాడు. మూతి తుడుచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"సాక్ష్యాన్ని స్టేషన్ వెనక కట్టేశాం," అన్నాడు. "ఆదివారం... చలి బాగా ఉంది... మేం ముగ్గురం కుర్రాళ్లం."

ఊనా అత్త బల్లల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది. పై నుంచి కింది దాకా చూసింది.

"పుదీనా సాస్ వేసుకునే తిన్నారా?"

"అది లేకుండా గొర్రెమాంసం ఎలా తింటాం తల్లీ?"

"అయితే సరే," అంటూ ఊనా అత్త ఆయన పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.